రేవున దిగిన గిటారు

కోల్‌కతా నగరమునకు నైరుతి దిక్కున, హుగ్లీ నది చెంత, ఖిదిర్‌పూర్ రేవు గోడలను ఆనుకొని వాట్‌గంజ్ అను పేట కలదు. మన సంఘ సభ్యులలో పలువురు గార్డెన్‌రీచ్ వైపున నున్న కార్యాలయములకు ఈ పేట మీదుగానే నిత్యము పోవుచుందురు. బస్సు కిటికీ నుండి చూచువారికి సరకు లారీల బారులు, గోదాముల పాత గోడలు, ఓడ వచ్చునపుడు పైకి లేచు వంతెన, దాని ముందు ఆగిపోయిన వాహనములు, ఇవియే కనబడును. వంతెన లేచినపుడు కార్యాలయమునకు ఆలస్యమగునే యను చింత తప్ప మనలో నెవ్వరికిని వేరొక ఆలోచన రాదు. నాకును చాలకాలము వరకు రాలేదు.

అయితే ఒక నగరపు పాటల చరిత్రను తెలిసికొనగోరువారు ఆ నగరపు సభామందిరముల కంటె ముందుగా దాని రేవును చూడవలెను. విమానముల కాలమునకు పూర్వము పరదేశపు వాద్యములును, వానిని వాయించువారును, వారి పాటలు నిండిన గ్రామఫోను పళ్ళెములును ఓడలలోనే వచ్చినవి. గిటారు అను ఆరు తీగల వాద్యము ఈ నగరమునకు వచ్చి, ఇచ్చటి హోటళ్ళలో పెరిగి, బెంగాలీ భాషను నేర్చి, ఒక తరము వారిచే మరువబడి, మరల వారి పిల్లలచే చేపట్టబడిన వృత్తాంతమును ఈ వ్యాసమున సంగ్రహముగా చెప్పదలచితిని. ఈ కథకును మన తెలుగు కుటుంబములకును సంబంధము లేదని పాఠకులు తలంపవలదు. చివరకు అది మన ఉగాది వేదిక మీదికే వచ్చి నిలుచును.

వాట్‌గంజ్ అను పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ అను ఆంగ్లేయ ఇంజనీరు వలన వచ్చినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన ఆయన 18 వ శతాబ్దపు చివరి భాగమున ఇచ్చట ఓడలు కట్టు స్థలమును నెలకొల్పెను. వాట్సన్ పేరిట వెలసిన గంజ్ జనుల నోట వాట్‌గంజ్ ఆయెను. అటుపిమ్మట నూరేండ్లకు, 1892 వ సంవత్సరమున, ఖిదిర్‌పూర్ రేవు తెరువబడెను. బీహారు నుండియు, ఒరిస్సా నుండియు, మన తెలుగు తీరము నుండియు పని వెదకికొనుచు వచ్చినవారు రేవు చుట్టును కాపురములు పెట్టిరి. తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయము గార్డెన్‌రీచ్‌లో నెలకొనుటయు, వాల్తేరు డివిజను చాలకాలము, అనగా 2003 వ సంవత్సరము వరకు, ఇచ్చటి రైల్వే అధికారము క్రిందనే యుండుటయు మనవారి రాకపోకలకు మరియొక మార్గమును ఏర్పరచినవి.

ఈ పేటలో పరదేశపు సరకు దిగుట క్రొత్త కాదు. పరదేశపు రూపము స్వదేశపు భాషను ధరించుటయు క్రొత్త కాదు. మైకేల్ మధుసూదన దత్తు గారి తండ్రి ఖిదిర్‌పూర్‌లో నివసించిన న్యాయవాది. మధుసూదనుడు బాల్యమున ఆ యింటనే పెరిగెను. ఆయన మొదట ఆంగ్లమున కవిత్వము వ్రాసెను. 1848 లో మద్రాసు చేరి ఉపాధ్యాయుడుగా నుండిన కాలమున, 1849 లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో తన దినచర్యను తెలుపుచు, హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలతో పాటు తెలుగు సంస్కృతముల అధ్యయనమునకు మధ్యాహ్నమున కొన్ని గంటలు కేటాయించినట్లు పేర్కొనెను. మన భాషను చదివిన ఈ వంగకవి తిరిగివచ్చి, ఆంగ్లేయుల ప్రాసరహిత వృత్తమును బెంగాలీలోనికి తెచ్చి, 1861 లో మేఘనాదవధ కావ్యమును ప్రకటించెను. రూపము సముద్రము దాటి వచ్చినది. కథ రామాయణముది, భాష బెంగాలీ. ఆ కావ్యమును నేడు ఎవ్వరును పరాయిదనరు.

అదే కాలమున, రేవునకు దిగువన మెటియాబ్రుజ్‌లో, రాజ్యము కోల్పోయిన లక్నో నవాబు వాజిద్ అలీ షా నివసించెను. 1856 లో వచ్చిన ఆయన 1887 లో మరణించువరకు ఇచ్చటనే యుండెను. ఆయన వెంట గాయకులు, నర్తకులు, వాద్యకారులు వచ్చిరి. ఠుమ్రీ పాట ఈ నగరమున వేళ్ళూనుటకు ఆ కొలువు ముఖ్యమైన కారణమాయెను. ఊరు విడిచినవాడు పాటను విడువలేదు. ఉద్యోగరీత్యా ఊళ్ళు విడిచిన మనకు ఆ నవాబు కష్టము కొంత అర్థము కాగలదు.

1902 వ సంవత్సరము ఈ చరిత్రలో రెండు విధముల స్మరణీయము. ఆ సంవత్సరము మార్చి నెలలో ఎస్ప్లనేడు నుండి ఖిదిర్‌పూర్ వరకు మొదటి విద్యుత్ ట్రాము నడిచెను. నవంబరు నెలలో గ్రామఫోను కంపెనీ వారు ఈ నగరమున గౌహర్ జాన్ మొదలగువారి గానమును ముద్రించిరి. ఒకటి మనుష్యులను ఒకచోటి నుండి మరియొక చోటికి చేర్చినది. రెండవది పాటను మనిషి నుండి వేరుచేసి పెట్టెలో పెట్టి పంపినది. పాట పాడువాడు ఎదుట లేకయే పాట వినుట అప్పటి నుండి మనకు అలవాటైనది. ఈ సౌకర్యము వలన కలిగిన లాభము ఎంతయో అందరికిని తెలిసినదే. కలిగిన నష్టమును గూర్చి తరువాత విన్నవింతును.

ఈ నగరపు యంత్రములకు మన తెలుగు పాటయు ఋణపడియున్నది. తెలుగు టాకీల తొలిదినములలో చిత్తజల్లు పుల్లయ్య గారు ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున సావిత్రి చిత్రమును 1933 లోను, లవకుశ చిత్రమును 1934 లోను ఇచ్చటనే నిర్మించిరి. పల్లెపల్లెలను ఊపిన ఆ లవకుశ పాటలు హుగ్లీ ఒడ్డున యంత్రములోని కెక్కినవే. సాలూరి రాజేశ్వరరావు గారు చిన్న వయస్సునందే ఇచ్చటికి వచ్చి, పంకజ మల్లిక్, సైగల్ వంటి వారి గానమును చేరువనుండి విని, పలు వాద్యములను కలిపి నడపు పద్ధతిని గ్రహించిరి. మన లలిత సంగీతమునకు కలిగిన మృదుత్వములో కొంత ఈ నగరపు గాలి కలదని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఇక గిటారు మాట. ఈ నగరపు మధ్యతరగతి గృహములలో మొదట ప్రవేశించినది నిలువుగా పట్టుకొని మీటు గిటారు కాదు. అది హవాయి గిటారు. ఒడిలో పరుండబెట్టి, ఎడమచేత ఉక్కు కమ్మీని తీగలపై జార్చుచు వాయించునది. సమోవా ద్వీపవాసియైన టావ్ మో అను విద్వాంసుడు కుటుంబసమేతముగా దేశదేశములు తిరుగుచు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ నగరమున నివసించెను. ఆయన వద్ద నేర్చిన గార్నీ నిస్ అను స్థానికుడు తన బృందముతో రికార్డు లిచ్చెను. మన సంగీతమున జారు అను గమకము కలదు గదా. ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు తెగకుండ జారుట. ఆ గుణము ఈ వాద్యమున సహజముగా నుండుట వలన బెంగాలీ శ్రోతలకు అది పరాయిదిగా తోచలేదు. కాజీ నజ్రుల్ ఇస్లాం గారి కుమారుడు కాజీ అనిరుద్ధ, బటుక్ నంది, సునీల్ గంగూలీ మొదలగువారు రవీంద్రుని పాటలను, నజ్రుల్ పాటలను, చిత్రగీతములను ఆ తీగలపై వినిపించి ఇంటింట ప్రసిద్ధులైరి.

నిలువు గిటారు దారి వేరు. అది హోటళ్ళ దారి. యుద్ధకాలమున సైనికులతో ఈ నగరము నిండియుండగా, చౌరంగీలోని గ్రాండు హోటలులో టెడ్డీ వెదర్‌ఫోర్డు అను అమెరికను నల్లజాతి పియానో విద్వాంసుడు జాజ్ మేళమును నడపెను. ఆయన 1945 లో కలరా సోకి ఈ నగరముననే మరణించెను. యుద్ధము ముగిసి, దేశము స్వతంత్రమైన తరువాత ఆ సంగీతము పార్కు వీధికి చేరెను. ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్, ములాన్ రూజ్ అను భోజనశాలలలో ప్రతి సాయంకాలము మేళము లుండెడివి. పామ్ క్రెయిన్ గానము, లూయిస్ బ్యాంక్స్ పియానో, కార్ల్‌టన్ కిట్టో గిటారు ఆ కాలమున పేరెన్నిక గన్నవి. వాద్యకారులలో పెక్కురు ఆంగ్లో ఇండియనులు, గోవావారు, నేపాలీలు. పార్కు వీధి అనగా ధనికుల విలాసస్థలమని మనవారు దూరముగా నుండుట కద్దు. కాని ఆ మేళగాండ్రు నెలజీతములకు పనిచేసి, పిల్లలను చదివించుకొనిన శ్రమజీవులే యని మరువరాదు.

1960 దశకమున ఇంగ్లండు నుండి బీటిల్సు మొదలగు బృందముల పాటలు ప్రపంచమంతట వ్యాపించినవి. రెండు మూడు గిటారులు, ఒక డ్రమ్ముల జత, నలుగురి కంఠములు. పాట మూడు నిముషములు. దీనికి పెద్ద మేళము అక్కరలేదు, పియానో అక్కరలేదు. కళాశాల విద్యార్థులు నలుగురు కూడిన చాలును. బెంగుళూరు నుండి వచ్చిన బిడ్డు అను యువకుడు ట్రోజన్సు అను తన బృందముతో ట్రింకాస్‌లో పాడెను. ఆయనయే తరువాత లండనులో పేరుపొందిన సంగీత దర్శకుడాయెను. 1969 లో మద్రాసులో పాడుట ప్రారంభించిన ఉషా ఉతుప్ గారు, చీర కట్టి బొట్టు పెట్టి, అదే ట్రింకాస్ వేదికపై నిలిచి ఈ నగరపు ఆడపడుచైరి. సిమ్లా అను సిగరెట్టు పేరిట నడచిన పోటీలలో నానా నగరముల బృందములు పాల్గొనినవి. 1970, 1971 సంవత్సరముల పోటీల పాటలు రికార్డులుగా వెలువడినవి. అయితే ఆ పాటలన్నియు ఇంచుమించుగా ఆంగ్లమున నున్నవే. ధ్వని వచ్చినది గాని, మాట ఇంకను మనది కాలేదు.

1970 దశకమున పార్కు వీధి దీపములు మసకబారినవి. వినోదపు పన్ను భారము పెరిగినది. కరెంటు కోతలు నిత్యకృత్యములైనవి. రాజకీయ కల్లోలము వలన రాత్రివేళ వీధులలోనికి వచ్చువారు తగ్గిరి. ఆంగ్లో ఇండియను కుటుంబములు ఆస్ట్రేలియాకును, ఇంగ్లండునకును తరలిపోయినవి. ఒక్కొక్క భోజనశాలయు మేళమును మాన్పించినది. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ సంగీతము విరుగ్గొట్టబడలేదు, నిషేధింపబడలేదు. దానికి నిలుచుటకు గది లేక పోయినది. గది పోయినచో పాట పోవును.

సరిగా ఆ చీకటి దినములలోనే ఒక క్రొత్త బృందము పుట్టినది. దాని పేరు మొహీనేర్ ఘోరాగులి, అనగా మొహీన్ యొక్క గుర్రములు. జీవనానంద దాసు గారి కవితలోనిదీ పేరు. దీని నాయకుడు గౌతమ్ చటర్జీ. ఆయన ఒకప్పుడు పార్కు వీధి బృందములలో ఆంగ్లగీతములకు గిటారు వాయించినవాడు. నక్సలైటు ఉద్యమముతో కలిగిన సంబంధము వలన చెరసాలను చూచినవాడు. నగరపు దక్షిణ భాగమున నాక్‌తలాలోని ఆయన యింట సోదరులు, మిత్రులు కలిసి ఏడుగురు కూడిరి. గిటారు, వయొలిన్, వేణువు, డ్రమ్ములు, బావుల్ భిక్షుకుల ఏకతార కలిపి, కలకత్తా వీధుల గూర్చి, నిరుద్యోగము గూర్చి, టెలిఫోను తీగల గూర్చి, స్వభాషలో పాటలు కట్టిరి. మధుసూదనుడు వృత్తమునకు చేసినది వీరు గిటారునకు చేసిరి.

వారి రికార్డులు 1977, 1978, 1979 సంవత్సరములలో మూడు వెలువడినవి. వాని కాదరణ స్వల్పము. రవీంద్ర సంగీతమునకును, చిత్రగీతములకును అలవాటుపడిన పెద్దలు ఇది పాటయా యని నవ్విరి. ఆంగ్లగీతములను మెచ్చు యువకులు బెంగాలీలో గిటారేమి యని నవ్విరి. ఇరుప్రక్కల నవ్వు నడుమ బృందము 1981 లో విడిపోయెను. సభ్యులు జీవనోపాధికై వేర్వేరు ఊళ్ళకు పోయిరి. గౌతమ్ చలనచిత్రములు తీయసాగెను. ఆయన తీసిన నాగమతి చిత్రమునకు జాతీయ బహుమానము లభించినది. పాటలు మాత్రము మరుగున పడినవి.

పాటలు మరుగున పడినవి గాని చచ్చిపోలేదు. కళాశాల వసతిగృహములలో, కేసెట్టు నుండి కేసెట్టునకు ఎక్కించిన ప్రతులలో అవి బ్రతికియున్నవి. మన వాట్‌గంజ్ ప్రక్కనున్న ఫ్యాన్సీ మార్కెట్టు విదేశపు రేడియోలకును, టేపురికార్డర్లకును ప్రసిద్ధి వహించిన కాలమది. 1992 లో సుమన్ చటర్జీ, అనగా నేటి కబీర్ సుమన్, ఒక గిటారుతో నగరజీవితమును పాడిన సంపుటము వెలువడి శ్రోతలను ఆశ్చర్యపరచినది. 1994 లో నటుడు అంజన్ దత్ గారి పాటలు వచ్చినవి. పదునైదేండ్ల క్రిందట నవ్విన నగరమే ఇప్పుడు అట్టి పాటకు చెవియొగ్గినది.

అప్పుడు గౌతమ్ చటర్జీ చేసిన పని నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. తన పాత రికార్డులను మరల అచ్చువేయించి, ఇవి మా గొప్పలు, వినుడని ఆయన చెప్పియుండవచ్చును. అట్లు చేయలేదు. 1995 లో, మరల ఇరువది ఏండ్ల తరువాత అను అర్థము వచ్చు పేరుతో ఒక సంపుటమును వెలువరించెను. అందు పాడినవారు, వాయించినవారు ఎక్కువగా ఆనాటి పిన్నవారు. కొన్ని పాత పాటలను వారికిచ్చి, క్రొత్త పాటలను వారినుండి గ్రహించెను. పత్రికకు సంపాదకుడు ఉండునట్లు, ఆ సంపుటమునకు మొహీనేర్ ఘోరాగులి సంపాదకత్వము అని పేరుపెట్టెను. మరి మూడు సంపుటములు అదే విధముగా వచ్చినవి. 1999 జూన్ నెలలో ఆయన హఠాత్తుగా మరణించెను. కాని అప్పటికి పని జరిగినది. తొలి సంపుటములోని ఒక పాట వరుస 2006 లో గ్యాంగ్‌స్టర్ అను హిందీ చిత్రము ద్వారా దేశమంతట వినబడినది. మన ఇండ్లలో దానిని విననివారు అరుదు. అది నాక్‌తలాలో పుట్టినదని తెలిసినవారు అంతకంటె అరుదు.

ఆ దశాబ్దముననే బెంగాలీ బ్యాండులు పుట్టగొడుగులవలె లేచినవి. చంద్రబిందు 1989 లో, కాక్టస్ 1992 లో, ఫాసిల్స్ 1998 లో, భూమి 1999 లో ఏర్పడినవి. కళాశాల వార్షికోత్సవములు, దుర్గాపూజ మండపములు, పుస్తక ప్రదర్శన మైదానములు వీరికి వేదికలైనవి. పార్కు హోటలులోని ఒక పానశాల 1990 దశకము నుండి అనేక సంవత్సరములు ప్రతి రాత్రియు ప్రత్యక్ష సంగీతమునకు తావిచ్చి, పార్కు వీధి పాత సంప్రదాయమును నిలిపినది. ఆంగ్లమున స్వయముగా పాటలు కట్టిన స్కిన్నీ ఆలీ బృందమున జయశ్రీ సింగ్ గానము, గ్యాన్ సింగ్ బేసు గిటారు, అమిత్ దత్తా గిటారు ప్రసిద్ధములు. తరువాతి తరమున సూపర్‌సానిక్సు బృందము 1960 దశకపు గిటారుల మోతను గుర్తుచేయు పాటలతో 2009 లో తన సంపుటమును వెలువరించినది.

గ్యాన్ సింగ్, జయశ్రీ సింగ్ దంపతుల కుమారుడు జీవ్‌రాజ్ సింగ్ డ్రమ్ముల వాద్యకారుడు. ఆయన నిశ్చయ్ పారేఖ్ అను గాయకునితో కలిసి పారేఖ్ అండ్ సింగ్ అను జంటగా ఏర్పడెను. మెత్తని గిటారు, తీయని వరుస, పాతకాలపు పాటల పోకడ వీరి లక్షణము. వీరి ఓషన్ అను సంపుటమును లండనులోని పీస్‌ఫ్రాగ్ సంస్థ 2016 లో లోకమునకు అందించినది. 2019 లో వచ్చిన రెండవ సంపుటమునకు మనము పిల్లలను తీసికొనిపోవు సైన్స్ సిటీ పేరే పెట్టిరి. ఒకనాడు ఓడలలో వచ్చిన ధ్వని ఈనాడు ఈ ఊరి పేరు ధరించి ఎదురు ప్రయాణము చేసినది.

ఇట్లు పాత ధ్వనిని యువకులు చేపట్టుట ఈ నగరమునకే పరిమితము కాదు. లోకమున పలుచోట్ల పెద్ద సంస్థల ప్రాపు లేని స్వతంత్ర బృందములు తాతల కాలపు గిటారు పోకడలను వెదకి తెచ్చుకొనుచున్నవి. దీనిని కొందరు గతమునకై వగచుట యందురు. నాకట్లు తోచదు. ధ్వనిముద్రణ వలన పాట నిలిచియుండును, కాని నడువదు. నడుచుటకు దానికి కాళ్ళు కావలెను. అవి క్రొత్తవాని కాళ్ళు. మధుసూదనుని వృత్తము, లక్నో ఠుమ్రీ, హవాయి గిటారు, గౌతమ్ పాట, ఈ నాల్గింటి చరిత్రయు ఒక్కటే. మొదట వినుట, పిదప అనుకరించుట, ఆ పిదప స్వంత మాట పలుకుట. స్వంత మాటయు పాతబడినపుడు పిన్నవారి చేతికి పూర్తిగా ఇచ్చివేయుట. ఈ నాలుగవ మెట్టు దగ్గరనే పెక్కు సంప్రదాయములు ఆగిపోవును.

ఇప్పుడు మన విషయము. దీనిని వ్రాయుటకు కొంత సంకోచము కలదు, ఏలననగా తప్పు నాది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తెలుగు సంఘమున సాంస్కృతిక కార్యక్రమముల బాధ్యత నామీద నుండెను. ఉగాది కార్యక్రమమునకు పేర్లు పిలువగా, ఒక సహోద్యోగి కుమార్తె, పదవ తరగతి బాలిక, గిటారు వాయించుచు ఒక తెలుగు లలితగీతము పాడెదనని వ్రాసియిచ్చెను. ఆ అమ్మాయి ఈ నగరముననే పుట్టినది. తెలుగు చదువ నేర్వదు. పాటను అమ్మమ్మ నోట విని, ఆంగ్ల లిపిలో వ్రాసికొని, వరుసకు తగిన మెట్లను తానే వెదకికొన్నదట. మేము నలుగురము కూర్చుండి ఆలోచించితిమి. గిటారు మన సంప్రదాయము కాదని ఒకరనిరి. మైకుల అమరిక కష్టమని మరియొకరనిరి. కార్యాలయపు అలవాటు చొప్పున నేను కాగితము మీద, ప్రస్తుతము వీలుపడదు, వచ్చే సంవత్సరము పరిశీలింపవచ్చును, అని వ్రాసి సంతకము చేసితిని. ఆ సాయంకాలము మేము అంగీకరించిన తొమ్మిది పాటలలో ఎనిమిది కరోకే ట్రాకుతో పాడినవి. ఆ ట్రాకులలో గిటారు లేనిది ఒక్కటియు లేదు! పెట్టెలోనుండి వచ్చిన గిటారు మాకు సంప్రదాయవిరుద్ధముగా తోచలేదు. మన పిల్ల చేతిలోని గిటారు తోచినది.

వచ్చే సంవత్సరము రాలేదు. వారి తండ్రిగారికి బదిలీ యైనది. మన ఉద్యోగములలో వచ్చే సంవత్సరము అను మాటకు ఎంత విలువయో మనందరకు తెలియును. ఆ అమ్మాయి తిరిగి తెలుగు పాట పాడినదో లేదో గాని, పాడకపోయినచో ఆ లోపము ఆమెది కాదు.

మన సంప్రదాయము మాటకు వచ్చినచో, వయొలిన్ ఐరోపా వాద్యము కాదా? బాలుస్వామి దీక్షితుల వారు దానిని నేర్చి కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టకున్నచో, విజయనగరపు ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ మనకెట్లు లభించెడిది? మన పద్యనాటకములకు శ్రుతిపట్టిన హార్మోనియము ఏ ఊరి సొమ్ము? నేడు హైదరాబాదున చౌరస్తా అను బృందము గిటారుతో తెలుగు మాటలను, పల్లె పలుకుబడిని పాడుచున్నది. అందులో పాడిన రామ్ మిరియాల గారి కంఠము తరువాత చిత్రగీతముల ద్వారా ఇంటింటను వినబడినది. వాద్యము ఎచ్చటిదైనను, పాట ఏ భాషలో నున్నదో, ఎవరి నోట నున్నదో అదియే ముఖ్యము.

కాబట్టి సంఘ సభ్యుల ముందు ఒక చిన్న ప్రతిపాదన నుంచుచున్నాను. మూడు నెలల కొకసారి ఒక సాయంకాలము, మన హాలులోనో, ఒకరి యింటనో, ఇరువదిమంది కూర్చుండు తావు కల్పింతము. కరోకే ట్రాకు ఉండరాదు. హార్మోనియము కావచ్చును, తబలా కావచ్చును, గిటారు కావచ్చును, ఉత్త చేతుల తాళము కావచ్చును. పెద్దలు తమకు వచ్చిన తత్త్వమో, లాలిపాటయో, లలితగీతమో పాడవలెను. పిన్నలు దానిని నేర్చి, తమకు తోచిన వాద్యముతో, తమకు తోచిన విధమున మరల వినిపింపవలెను. వారు వరుస కొంచెము మార్చినచో మనము నవ్వరాదు. ఇందుకు నిధులు అక్కరలేదు, అనుమతి పత్రము అక్కరలేదు. గది యుండవలెను, వినువారుండవలెను. పార్కు వీధి చరిత్ర మనకు చెప్పునది ఇంతియే.

ఆ గుర్రముల బృందమున పాడిన తాపస్ దాస్ 2023 లో కన్నుమూసెను. ఆ పాటలు మాత్రము నేటికిని కళాశాల మెట్లపై కూర్చుండిన పిల్లల నోట వినబడుచున్నవి. వారిలో పలువురు ఆ బృందము విడిపోయిన తరువాత పుట్టినవారే. మన తెలుగు పాటలును మన తరువాత ఈ ఊరిలో పుట్టిన పిల్లల నోట నట్లే వినబడవలెనని కోరుకొనుట అత్యాశ కాదు. అందుకు మొదటి సాయంకాలము వాట్‌గంజ్ సమీపమున మా యింటనే జరుపుకొనవలెనని సభ్యులందరను సకుటుంబముగా ఆహ్వానించుచున్నాను. గిటారు వాయించు పిల్లలు ముందుగా పేరు వ్రాసి పంపనక్కరలేదు.